రాతిమీద నున్నది, మనము చేర్చినది

(లాటిను శాసనములను గూర్చిన పాఠము)

చదువవలసిన భాగములు: యోహాను 19:17–22, మత్తయి 22:15–22, రోమా 16:21–23, సామెతలు 30:5–6.



ఈ నెల పాఠమును మా తప్పుతో ప్రారంభింపవలసి వచ్చినది. కొంతకాలము క్రిందట రోమా పత్రికలోని చివరి అధ్యాయమును బోధించుచుండగా, పట్టణపు ఖజానాదారుడగు ఎరస్తు పేరు వచ్చినది. అప్పుడు మేము ప్రసంగ పీఠము మీదనుండి గట్టిగా ఇట్లు చెప్పితిమి: “ఈ ఎరస్తు వేయించిన రాతి పరుపు కొరింథులో దొరకినది. ఈయన పేరు దానిమీద చెక్కియున్నది. ఇక సందేహమునకు తావు లేదు.” సంఘమంతయు సంతోషించెను. మేమును సంతోషించితిమి.

ఆరాధన ముగిసిన పిమ్మట, డిగ్రీ చదువుచున్న మన యౌవనస్థుడొకడు గుమ్మమునొద్ద చెప్పులు తొడుగుకొనుచు, “అయ్యగారూ, ఈయన పౌలుగారితో నున్న ఎరస్తేయని ఆ రాతిమీద వ్రాసియున్నదా?” అని అడిగెను. అతడు ఎగతాళికి అడుగలేదు, తెలిసికొనగోరి అడిగెను. మాకు జవాబు రాలేదు. ఆ సంగతిని మేమొక ప్రసంగముల పుస్తకములో చదివితిమే గాని, ఆ రాతిమీద ఏ అక్షరములున్నవో ఎన్నడును చూచియుండలేదు. సెమినరీలో మాకు గ్రీకు కొంత నేర్పిరి, హెబ్రీ అంతకంటె తక్కువగా నేర్పిరి. లాటిను నేర్పలేదు. ఆ సాయంకాలము అతని ఫోనులోనే ఇద్దరమును ఆ రాతి బొమ్మను వెదకి చూచితిమి. ఆనాడు మొదలైన చదువులోని ఫలమును ఇప్పుడు మీ యెదుట నుంచుచున్నాము.

1. లాటినుతో మనకేమి పని?

మన తెలుగు బైబిలులో రోమా భాష అని చెప్పబడినది లాటిను భాషయే. ప్రభువు సిలువపై పెట్టబడిన పలకమీది వ్రాత మూడు భాషలలో నుండెననియు, వానిలో ఒకటి రోమా భాషయనియు యోహాను వ్రాసెను. అది పరిపాలించువారి భాష. సైనికుల ఆజ్ఞలును, అధికారుల బిరుదులును, నాణెముల మీది అక్షరములును ఆ భాషలో నుండెడివి.

పన్ను విషయమై పరిసయ్యులు ప్రభువును చిక్కుపరచ వచ్చినప్పుడు, ఆయన ఒక దేనారము తెప్పించి, దానిమీది బొమ్మయు అక్షరములును ఎవరివో చెప్పుడని వారినే అడిగెను. తిబెరి కైసరు దేనారములు నేటికిని అనేకములు దొరకుచున్నవి. వానిమీద ‘దైవమైన ఔగుస్తు కుమారుడగు తిబెరి కైసరు ఔగుస్తు’ అను అర్థమిచ్చు లాటిను మాటలు కురుచ చేయబడి యున్నవి. ఇట్టి రోమా వెండి నాణెములు నల్లగొండ ప్రాంతమందలి అక్కనపల్లిలో వెయ్యికి పైగా ఒక్కచోటనే దొరకినవి. అనగా ఆ అక్షరములు మన నేలకును వచ్చినవి. అయితే ప్రభువు చేతికి వచ్చిన దేనారము సరిగా ఈ రకపుదేనని సువార్తలో వ్రాయబడలేదు. పండితులు అట్లు తలంచుచున్నారు. ఆ తలంపు న్యాయమైనదే. కాని వ్రాయబడినది వేరు, తలంచబడినది వేరు. ఈ భేదమే నేటి పాఠము.

2. రాతిని చదువు విధము

రోమీయులు శాసనములను పెద్ద అక్షరములతో చెక్కిరి. ఉకారమునకును వకారమునకును ఒకే గుర్తు వాడిరి. మాటకు మాటకు నడుమ అనేక పర్యాయములు చిన్న చుక్క పెట్టిరి. రాతిలో చోటు కొంచెము, చెక్కుకూలి యెక్కువ. కాబట్టి తరచుగా వాడు మాటలకు మొదటి అక్షరము మాత్రమే చెక్కి విడిచిరి. మనము గ్రామమునకు ‘గ్రా.’ అనియు, జిల్లాకు ‘జి.’ అనియు వ్రాయుట లేదా? అట్లే వారును చేసిరి.

ఇట్టి రాతిని పుస్తకములో అచ్చువేయు పండితుడు తాను చేసిన పనిని దాచకూడదు. 1931వ సంవత్సరమున హాలెండు దేశపు లైడెన్ పట్టణములో పండితులు కూడి, ఇందునిమిత్తము కొన్ని గుర్తులను ఏర్పరచుకొనిరి. వానిలో మూడింటిని జ్ఞాపకముంచుకొనిన చాలును. కురుచ చేసిన మాటను పండితుడు పూర్తిచేసినయెడల, తాను చేర్చిన అక్షరములను గుండ్రని కుండలీకరణములలో ( ) పెట్టును. రాయి విరిగి పోయిన అక్షరములను ఊహించి నింపినయెడల, వానిని చదరపు కుండలీకరణములలో [ ] పెట్టును. అక్షరము సగము చెరిగి సందేహముగా నున్నయెడల దానిక్రింద చుక్క పెట్టును. గుర్తులు లేక మిగిలినదే రాతిమీద స్పష్టముగా నున్నది.

3. పిలాతు రాయి

1961వ సంవత్సరమున ఆంటోనియో ఫ్రోవా అను పండితుని నాయకత్వమున ఇటలీ దేశస్థులు సముద్రతీరపు కైసరయలో పాత నాటకశాలను త్రవ్వుచుండగా ఒక సున్నపురాయి దొరకినది. దాని ఎత్తు సుమారు 82 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. పిలాతు కాలమునకు చాల తరువాత ఎవరో దానిని తెచ్చి ఆ నాటకశాలలో మెట్టురాయిగా వాడుకొనిరి. అప్పుడే దాని యెడమవైపు అక్షరములు చెక్కివేయబడెను. ఇప్పుడది యెరూషలేములోని ఇజ్రాయేలు మ్యూజియములో నున్నది.

దానిమీద నాలుగు వరుసలుండెను. వానిని పండితులు చూపినట్లే తెలుగు అక్షరములలో చూపుచున్నాము:

[— —]స్ టిబెరియెయుమ్
[— పొ]ంటియుస్ పిలాటుస్
[ప్రైఫ్]ఎక్టుస్ యూడై[అ]ఎ
[— —]

రెండవ వరుసలో మొదటి అక్షరములు పోయినవి. అయినను ‘ంటియుస్ పిలాటుస్’ అని మిగిలినప్పుడు, అది పొంతి పిలాతు అని ఎవరికైనను తెలియును. ఇది నమ్మదగిన పూరణము. మూడవ వరుసలో ‘ఎక్టుస్’ అని మిగిలినది. యూదయ అధిపతికి తగినట్టియు, అట్లు ముగియునట్టియు బిరుదు ‘ప్రైఫెక్టుస్’. అంతకు ముందు అనేక పుస్తకములు, రోమా చరిత్రకారుడగు టాసిటస్ వాడిన మాటనుబట్టి, పిలాతును ‘ప్రొకురాటర్’ అనుచుండెను. ఈ రాయి దొరకిన తరువాత పుస్తకములు దిద్దబడెను.

మొదటి వరుస చూడుడి. ‘టిబెరియెయుమ్’ అనగా తిబెరి పేరిట కట్టిన కట్టడము. దానికి ముందు ‘స్’ అను ఒక్క అక్షరము మాత్రమే మిగిలినది. ఎవరికొరకు కట్టెను? కొందరు దేవతలకని పూరించిరి. గేజా ఆల్ఫొల్ది అను పండితుడు నావికులకని పూరించి, అది రేవులోని దీపస్తంభమై యుండవచ్చునని చెప్పెను. రెండును ‘స్’తో ముగియు మాటలే. రాయి ఏ పక్షమును పలుకదు. నాలుగవ వరుసలోనైతే ఒక అక్షరపు ఆనవాలు మాత్రమే కలదు. రోమీయులకు ఇంటిపేరుకు ముందు సొంత పేరొకటి యుండెడిది. పిలాతు సొంత పేరు ఆ యెడమవైపున నుండియుండవచ్చును. ఉండినయెడల ఆ చెక్కివేతతో పోయినది.

ఒక్క రాతిలోనే నిశ్చయముగా నింపదగిన ఖాళీయు, ఊహతో మాత్రమే నింపగల ఖాళీయు, నింపక విడువవలసిన ఖాళీయు ఉన్నవి.

4. ఎరస్తు రాయి

ఇక మేము బోధించిన రాతియొద్దకు వత్తము. 1929వ సంవత్సరమున కొరింథు నాటకశాల దగ్గర పరుపురాళ్లమీద పెద్ద అక్షరములు బయలుపడెను. అవి లోతుగా చెక్కబడి, కంచు పోయుటకు గుంటలుగా నుండెను. ఎరస్తు అనునతడు తనకు కలిగిన ‘ఎడైలు’ పదవికి బదులుగా సొంత ధనముతో ఈ రాళ్లు పరపించెనని వాని భావము. ‘సొంత ధనముతో’ అను రెండు మాటలకు రెండే అక్షరములు చెక్కిరి. తక్కినది పండితుల గుండ్రని కుండలీకరణములోనిది.

అయితే ఆ పేరుకు ముందున్న రాయి విరిగిపోయినది. అందుచేత అతని తక్కిన పేర్లు మనకు లేవు. విరిగినచోట మరి రెండక్షరములుండి, ఆ పేరు ‘ఎపెరస్తు’ అయియుండవచ్చునని కొందరనిరి. పౌలు వాడిన గ్రీకు బిరుదును, రాతిమీది లాటిను బిరుదును ఒకే పదవిని సూచించునా యనునది వేరొక ప్రశ్న. ఆ రాయి పౌలు కాలపుదేయని అనేకులనగా, తరువాతి కాలపుదని మరికొందరనిరి. ఆయనే ఈయన కావచ్చును. కావచ్చును అనుటకు కారణములున్నవి. కాని మేము ‘కావచ్చును’ అనలేదు. ‘సందేహమునకు తావు లేదు’ అంటిమి. కుండలీకరణములో పెట్టవలసిన మాటను వెలుపల పెట్టి, దానిని దేవుని వాక్యముతో కలిపి బోధించితిమి.

5. పద్యము సాక్ష్యమిచ్చు రాళ్లు

లాటిను శాసనములలో కొన్ని వచనము కావు, పద్యములు. ఇక్కడ తెలుగు చదువరికి ఒక మేలున్నది. లాటిను ఛందస్సు మన ఛందస్సువలెనే గురులఘువుల లెక్కమీద నడచును. దీర్ఘమున్న అక్షరము గురువు. జంట హల్లులకు ముందున్న అక్షరము మన ‘సత్యము’లోని ‘స’ వలెనే తరచుగా గురువగును. మాట చివరి అచ్చు తరువాతి మాట మొదటి అచ్చుతో కలిసినప్పుడు, మన సంధిలోవలె మొదటిది లోపించును.

వారి వీరకావ్యముల పద్యపాదములో ఆరు గణములుండును. గురువు, లఘువు, లఘువు ఒక గణము. అది మన భగణమే. ‘దేవుడు’ అను మాట భగణము. కాలములను అర్థమిచ్చు లాటిను మాట ‘తెంపొర’యు భగణము. రెండు గురువులది మరియొక గణము. ‘దేవా’ అను పిలుపు అట్టిది. ధన్యుడను అర్థమిచ్చు ‘ఫేలీక్స్’ అట్టిదే. మన కందపద్యములో గగ, భ, జ, స, నల అని నాలుగు మాత్రల గణములైదు వాడుదుము. ఈ లాటిను పాదము వానిలో గగ, భ అను రెండింటితోనే నడచును. అయిదవ గణము సాధారణముగా భగణమై యుండును. ఆరవ గణములో రెండే అక్షరములుండును. వానిలో చివరిది గురువైనను లఘువైనను దోషము లేదు. యతిప్రాసలు లేవు. కష్టము ఒక్కటే: మనకు అకారమునకును ఆకారమునకును వేరువేరు అక్షరములుండగా, లాటినులో రెండింటికి ఒకటే అక్షరము. ఏది దీర్ఘమో నిఘంటువు చూచి తెలిసికొనవలెను.

366 మొదలు 384 వరకు రోమా సంఘమునకు బిషప్పుగా నుండిన దమాసు, హతసాక్షుల సమాధులయొద్ద ఇట్టి ఛందస్సులో పద్యములు వ్రాసి చెక్కించెను. ఫిలోకాలు అను లేఖకుడు వానికి అందమైన అక్షరములు సమకూర్చెను. తరువాతి కాలములో ఆ పలకలు అనేకము ముక్కలైపోయెను. అయినను వానిలో కొన్నింటి మాటలు పూర్తిగా మనకున్నవి. ఏలయనగా అవి పగులకముందు యాత్రికులు వానిని చూచి వ్రాసికొనిరి, ఆ వ్రాతప్రతులు నిలిచినవి. ముక్కలను ఆ ప్రతులతో సరిచూచి కూర్చవచ్చును. ఇది రెండవ సాక్షి మాటమీద ఖాళీని నింపుట. ప్రతి లేనిచోట ఛందస్సు కొంత సహాయము చేయును. నింపగోరిన మాట గణములలో ఇముడనియెడల, అది ఎంత ఇష్టమైన మాటయైనను విడువవలసినదే. ఇమిడిన మాత్రమున నిజమని చెప్పరాదు. ఇముడనిది కాదని మాత్రము చెప్పవచ్చును.

1849లో జొవాన్ని బత్తిస్త దె రొస్సి అను పండితుడు రోమా వెలుపల ఒక ద్రాక్షతోటలో పలకముక్క నొకటి చూచెను. దానిమీద పేరు చివర ‘నేలియుస్’ అనియు, దాని తరువాత హతసాక్షి అనియు ఉండెను. అది బిషప్పగు కొర్నేలి పేరని ఆయన తలంచెను. 1852లో సమాధియొద్ద త్రవ్వినప్పుడు ‘కొర్’ ఉన్న తక్కిన ముక్క దొరకినది. ఊహ నిజమాయెను. అయినను ఆ మూడేండ్లు అది ఊహయే.

6. నేర్చుకొనగోరువారికి

పూర్వము ఈ చదువు గొప్ప గ్రంథాలయములున్న పట్టణములకే పరిమితము. లాటిను శాసనముల మహాసంపుటములను బెర్లిను పండితులు 1853లో థియొడోర్ మామ్సెన్ మొదలగువారితో ఆరంభించిరి. అవి ఒక మనుష్యుడు మోయలేనన్ని. నేడు ఫోను చేతిలో నున్నవారు ఈ క్రింది క్రమమున మొదలుపెట్టవచ్చును. ఇవి ఇంగ్లీషులోను ఇతర భాషలలోను నున్నవి గనుక, పెద్దలు చదువుకొనిన పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి.

మొదటిది, భాష. బ్రిటన్ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ వారు ఆరంభకులకు లాటిను పాఠములను ఉచితముగా ఇంటర్నెట్టులో నుంచిరి. అవి 1086 మొదలు 1733 వరకు గల పత్రములను చదువుటకు చేయబడినవి. అయినను తొలి వ్యాకరణమునకు మంచివి.

రెండవది, నిఘంటువు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన పెర్సియుస్ డిజిటల్ లైబ్రరీలో లాటిను గ్రంథములును, 1879లో వెలువడిన లూయిస్, షార్టు గార్ల పెద్ద నిఘంటువును ఉన్నవి. మాటను నొక్కినయెడల దాని రూపమును అర్థమును చూపును.

మూడవది, శాసనములు. క్లౌస్–స్లాబీ డేటాబేసులో 5 లక్షలకు పైగా లాటిను శాసనముల పాఠములున్నవి. పైన చెప్పిన ఆల్ఫొల్ది 1986లో హైడెల్బర్గులో మరియొక డేటాబేసును ఆరంభించెను. 2021 వరకు అక్కడ పని జరిగెను. మొదట నేర్చుకొనువారికి బ్రిటన్ దేశపు రోమా శాసనముల సంపుటి సులభము. దానిలో పాఠముతోకూడ ఇంగ్లీషు అనువాదమును, అనేక రాళ్లకు గీసిన బొమ్మయు దొరకును.

నాలుగవది, ఛందస్సు. ఇటలీలోని ఊదీనె విశ్వవిద్యాలయమువారి ‘పేదె చెర్తో’ అను చోట లాటిను పాదములకు గణవిభజన చేసి చూపుదురు. మొదట మీరే కాగితముమీద గురులఘువులు పెట్టి, తరువాతనే దానితో సరిచూచుకొనుడి. ముందుగా చూచినయెడల కన్ను నేర్చుకొనదు.

ఒక హెచ్చరిక. వీటిలో ఏది తెరచినను, మొదట కుండలీకరణములను చూడుడి, తరువాతనే మాటలను చదువుడి. రాతి ఛాయాపటమున్నయెడల దానితో సరిచూడుడి. ఇతరులు నకలు చేసి పంపుకొను సందేశములలో ఆ గుర్తులు ఊడిపోవును. అప్పుడు ఊహ నిజమువలె నడచును.

7. మనకు పాఠము

తరువాతి ఆదివారమున మేము సంఘము నెదుట నిలిచి, “ఎరస్తునుగూర్చి మేము చెప్పినదానిలో ఇంత రాతిమీద నున్నది, ఇంత మేము చేర్చినది” అని విడదీసి చెప్పితిమి. ఒక పెద్ద మాతో ఏకాంతముగా, “అయ్యగారూ, చెప్పినదానిని ఇట్లు వెనుకకు తీసికొనినయెడల బయటివారు నవ్వరా? మా పిల్లలు తక్కినవాటిని నమ్ముదురా?” అనెను. ఆయన భయము అబద్ధము కాదు. మేమును ఆ రాత్రి అదే భయముతో పండుకొంటిమి. కాని ప్రశ్న వేసిన యౌవనస్థుని తలంచుకొంటిమి. మేము మౌనముగా నుండినయెడల, అతడు నిజమును ఫోనులో ఒంటరిగా చదివికొనియుండును. అప్పుడు అతడు సందేహించునది ఒక్క ఎరస్తు రాతినేనా?

మన సంఘములలో ఇట్టి చేర్పులు తక్కువ కావు. క్రిస్మసు నాటికలో జ్ఞానులు ముగ్గురు వత్తురు. మత్తయి మూడు కానుకలను చెప్పెనుగాని జ్ఞానుల లెక్క చెప్పలేదు. ఏదెనులోని పండు ఏ జాతిదో ఆదికాండము చెప్పలేదు. నాటిక ఆడవద్దని మేము చెప్పుట లేదు. పిల్లలు అడిగినప్పుడు, ఇది వ్రాయబడినది, ఇది మన పెద్దలు చేర్చినది అని చెప్పగలిగి యుండవలెను. దేవుని మాటలకు ఏదియు చేర్పవద్దని సామెతల గ్రంథము హెచ్చరించుట, చేర్చువారు చెడ్డవారని మాత్రమే కాదు. మంచి మనస్సుతో చేర్చినను, చేర్చినది నిలువనప్పుడు వ్రాయబడినదానికి కూడ అపనింద వచ్చును.

పిలాతు సిలువపై తాను వ్రాయించిన పలకను మార్చుటకు ఒప్పుకొనలేదు. ఆ పలక మనకు దొరకలేదు. దొరకిన రాతిమీద ఆయన పేరు సగము విరిగియున్నది. అయినను ఆ విరిగిన రాయి, పొంతి పిలాతు అను అధిపతి ఉండెనని లూకా 3:1లోని మాటకు చాలినంత సాక్ష్యమిచ్చుచున్నది. దానిచేత అంతకంటె ఎక్కువ పలికింపనక్కరలేదు.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. యోహాను 19:20లో పలకమీది వ్రాత ఏ మూడు భాషలలో నుండెను? అవి ఎవరెవరు వాడు భాషలు?
2. పిలాతు రాతిలో నిశ్చయముగా నింపదగిన ఖాళీ యేది? ఊహతో నింపినది ఏది?
3. మత్తయి 2:1–12 నెమ్మదిగా చదివి, మన క్రిస్మసు నాటికలో నున్నవియు ఈ భాగములో లేనివియు వ్రాసికొనుడి.
4. మీరు ఇతరులకు నిశ్చయముగా చెప్పిన సంగతులలో, విని చెప్పినదే గాని చూడనిది ఏదైన ఉన్నదా? దానిని ఎట్లు సరిదిద్దుకొందురు?

ప్రార్థన: ప్రభువా, తెలిసినదానిని ధైర్యముగాను, తెలియనిదానిని వినయముగాను చెప్పు నోరు మాకు దయచేయుము. ఆమేన్.